చేతికి తెలియని గాజు

పుంగనూరులో నా గాజుల అంగడికి వచ్చి ఏ ఆడమనిషైనా చెయ్యి చాపితే నేను ఆ చేతి వంక చూడను. మొహం వంక చూసి మాట్లాడతాను. పిల్లలెందరు, కోడలు పుట్టింటి నుంచి వచ్చిందా, ఈసారి వేరుశెనగ ఎట్లా ఉంది అని అడుగుతూ ఉంటే నా కుడిచేతి వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. బొటనవేలి మొదట్లో ఎముక ఎంత ఎత్తుంది, ఎక్కడ నొక్కితే అరచెయ్యి ముడుచుకుంటుంది, గాజు ఎక్కడ ఆగుతుంది, ఎక్కడ జారుతుంది, అన్నీ వేళ్ళకే తెలుస్తాయి. నాకు ఈ పని నేర్పిన ముసలాయన మదనపల్లెలో గాజుల వ్యాపారి. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు. "చెయ్యి సూస్తా ఉంటే ఆయమ్మ బయపడతాదమ్మా. మొగం సూసి మాట్లాడు. చేతిని చెయ్యే సూసుకుంటాది" అని ఆయన చెప్పిన ఒక్క ముక్కతో ఇరవై ఎనిమిదేళ్ళు బతికాను. రెండూ ఆరు సైజు పట్టే చేతికి అంతకంటే చిన్నదైన రెండూ నాలుగు గాజు పగలకుండా ఎక్కించిన రోజులున్నాయి. ఆ మాట గొప్పగా చెప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు.

అటువంటి వేళ్ళకు తిమ్మిరి పట్టుకుంది.

మొదట్లో తెల్లవారుజామున మెలకువ వచ్చేది. కుడిచెయ్యి నాది కానట్టు పక్కన పడి ఉండేది. చీమలు పాకినట్టు జివ్వుమని లాగేది. లేచి కూర్చుని గాలిలో విదిలిస్తే కాస్త దారికి వచ్చేది. మా ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. చెయ్యి ఊపితే ఆయన బుర్రకు ఒకటే తోస్తుంది. కళ్ళు తెరవకుండానే "ఈడ స్టాపు లేదు, పడుకో" అనేవాడు. నేను చెయ్యి విదిలిస్తూ ఆయన్ని నాలుగు తిట్టి పడుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఎడమ చేతికీ అదే మొదలైంది. ఆ తరవాత పగలు కూడా వేలి కొనలు మొద్దుబారిపోయాయి. బియ్యంలో రాయి తగలదు, సూది పట్టు దొరకదు. ఒక వారంలో మూడు చేతుల మీద గాజులు పగిలాయి. తొడిగేటప్పుడు గాజు పగిలితే మంచిది కాదని మా ఆడవాళ్ళ నమ్మకం. మూడోసారి పగిలినప్పుడు ఆ పిల్ల తల్లి నా వంక ఒక చూపు చూసి, మిగిలిన గాజులు తొడిగించకుండానే పిల్లను లేపుకుని పోయింది.

నా పనిలో ఉన్న చిక్కేమిటంటే ఎదుటి మనిషి చెయ్యి నేను పట్టుకుంటే నా చెయ్యి కూడా ఆమెకు దొరుకుతుంది. ఎవరికి చెప్పుకున్నా చెప్పుకోకపోయినా సంగతి తెలిసిపోయింది. ఇక వైద్యం మొదలైంది. ఒకామె నువ్వుల నూనె రాయమంది. ఇంకొకామె ఆముదం అంది. ఇద్దరి మాటా తీసెయ్యలేక రెండూ కలిపి రాశాను. నూనె చేతులతో గాజులు పట్టుకుంటే ఏమవుతుందో చెప్పాలా? డజను గాజులు జారి నేల మీద పడ్డాయి. ఒకామె వంకాయ మానెయ్యమంది, ఒకామె ఉర్లగడ్డ మానెయ్యమంది, ఒకామె రెండూ తిని గాజులు తొడగడం మానెయ్యమన్నట్టు చూసింది. బ్యాంకులో పనిచేసే పిల్ల ఒకతె ఫోనులో చాలాసేపు చదివి, "అక్కా, షుగరన్నా ఉండాల, థైరాయిడన్నా ఉండాల, మెడ ఎముకన్నా అరిగుండాల, రక్తంలో విటమినన్నా తక్కువుండాల. నీకు ఏదో ఒకటి ఖాయంగా ఉండాది" అని ధైర్యం చెప్పి, రెండు డజన్ల మట్టి గాజులు తీసుకుని పోయింది.

మా వీధిలో సూది మందు వేసే ఆయన ఎర్ర ఇంజెక్షన్లు పది వేశాడు. చేతుల తిమ్మిరి తగ్గలేదు కానీ కూర్చోవడం కష్టమై, కొన్నాళ్ళు అంగట్లో నిలబడి గాజులు తొడిగాను. చివరికి బైరెడ్డిపల్లె పక్కన తాడు మంత్రించి కట్టే ఆయన ఉన్నాడంటే అక్కడికీ పోయాను. ఆయన నల్లతాడు మణికట్టుకు ఎంత బిగించి కట్టాడంటే గంటలో చెయ్యి పొంగి నీలం తిరిగింది. "బాగా లాగతాండాదా?" అని అడిగాడు. ప్రాణం పోతోందన్నాను. "అదీ! తిమ్మిరి బయటికి వస్తాండాది" అన్నాడు తృప్తిగా. బస్సెక్కేలోపల మా ఆయన ఆ తాడును పళ్ళతో కొరికి తెంపాడు.

ఆ మీదట మదనపల్లెలో ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె షుగరు చూసింది, థైరాయిడ్ చూసింది, మెడ తిప్పమంది. ఏ వేళ్ళు తిమ్మిరెక్కుతాయని అడిగింది. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు, ఉంగరం వేలులో సగం అని చెప్పాను.

"చిటికెన వేలు?"

"అదొక్కటే బాగుండాదమ్మా. దాంతో నాకేం పని?"

డాక్టరమ్మ నవ్వి, రెండు చేతుల వెనకవైపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్ళు కిందికి వేలాడేటట్టు పెట్టమంది. నమస్కారాన్ని తిరగేసినట్టు. నిమిషం గడవకముందే రెండు చేతులూ జివ్వుమన్నాయి. ఏం పని చేస్తారని అడిగింది. చెప్పేకంటే చూపించడం సులువని ఆమె చెయ్యి పట్టుకుని గాజు ఎక్కించేటప్పుడు నొక్కినట్టు నొక్కాను. ఆమె కుర్చీలోంచి లేచింది. పట్టు ఎంత ఉందో తెలియని వేళ్ళు కదా, ఎక్కువే నొక్కినట్టున్నాను.

మణికట్టులో సన్నని సందు ఒకటి ఉంటుందట. అందులోంచి వేళ్ళకు పోయే నరం చుట్టూ వాచి, ఆ నరం నలుగుతోందట. ఇన్నేళ్ళు మణికట్టు వంచి, బొటనవేలితో బలంగా నొక్కినందుకు ఇది వచ్చి ఉండొచ్చంది. చేతులకు పని తగ్గించాలి, మణికట్టు వంగకుండా పట్టీలు వేసుకోవాలి, వాపు మీద గాజులు బిగుతుగా ఉన్నాయి కాబట్టి తీసెయ్యాలి. తగ్గకపోతే చిన్న ఆపరేషను. ఆమె నా బొటనవేలి కింద కండను చూపించి, "ఇది పల్చబడతా ఉంది, చూడండి. మరీ ఆలస్యం చేస్తే స్పర్శ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు" అంది. మిగతావన్నీ ఒక చెవిన విన్నాను. ఆ ఒక్క మాట మాత్రం గుండెలో పడింది. స్పర్శ లేని చేతితో నేను చెయ్యగలిగిన పని ఏదీ నాకు తెలియదు.

తిరుగు బస్సులో పక్కనున్న ఆమెకు డాక్టరమ్మ చేయించిన తిరగేసిన నమస్కారం చూపించాను. ఆమె చేసి చూసింది. వెనక సీటామె ఏమిటని అడిగి తనూ చేసింది. పుంగనూరు చేరేలోపల బస్సులో సగం మంది చేతులు తిరగేసి, కళ్ళు మూసుకుని, తిమ్మిరి ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నారు. కండక్టరు టికెట్లు అడగడం మరిచిపోయి నిలబడ్డాడు.

ఇంటికి వచ్చి సబ్బు రాసుకుని గాజులు తీశాను. పెళ్ళయిన నాటి నుంచి నా చేతులు బోసిగా ఉన్నది ఆ రోజే. పట్టీలు వేసుకుని మర్నాడు అంగడి తీశాను. పట్టీలు నల్లగా, చొక్కా చేతుల మాదిరి ఉంటాయి. వాటిని ఎవరూ చూడలేదు. గాజులు లేకపోవడం మాత్రం అందరూ చూశారు. గాజులమ్మ చేతికే గాజు లేదంటే ఇంక అర్థమేముంటుంది?

మూడో రోజు పొద్దున మా ఆయన ముందు గదిలో కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. రామసముద్రం నుంచి మా పిన్నమ్మ కూతురు ఆటో దిగింది. దిగుతూనే గొంతెత్తింది. "ఎంత పని జరిగిపాయనే అక్కా!"

మా ఆయన సగం గడ్డం నురగతోనే వాకిట్లోకి పరుగెత్తాడు. "ఎవురు పోయినారమ్మా?"

"నువ్వే బావా" అంది ఆమె, ఏడుపు ఆపకుండానే.

"నేనా? ఎప్పుడు?"

ఆమె ఏడుపు ఇంకాస్త సాగి, తరవాత నోరు తెరుచుకుని ఆగిపోయింది. ఆయన గడ్డం మీది నురగ తుడిచి చూసింది. మధ్యాహ్నానికి ఇంకో పదిమంది వచ్చారు. వచ్చినవాళ్ళను ఊరికే పంపిస్తామా? అన్నం వండాను. చామంతి దండ తెచ్చిన ఒకాయన దాన్ని ఏం చెయ్యాలో తెలియక సంచిలోనే దాచిపెట్టుకుని, మా ఆయన పక్కనే కూర్చుని రెండుసార్లు పులుసు పోయించుకుని తిని, పోతూ పోతూ తులసికోటకు వేసి దండం పెట్టుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయనకు మాత్రం వేరే బాధ పట్టుకుంది. వచ్చినవాళ్ళెవరో రానివాళ్ళెవరో ఆయన చూసుకున్నాడు. తనతో పద్దెనిమిదేళ్ళు ఒకే బండిలో తిరిగిన కండక్టరు రాలేదు. సాయంత్రం దాకా ఆగి, ఆగలేక ఫోను చేశాడు. "ఏమప్పా, నేను పోతే రావా నువ్వు? అంత పనేమొచ్చె నీకు?" అని నిలదీశాడు. అవతల ఆ మనిషి ఏమన్నాడో నాకు వినపడలేదు. ఫోను పెట్టేశాక, "జొరం వచ్చిండాదంట. నాకు చెప్పనేలేదు" అని చెప్పులేసుకుని చూడటానికి పోయాడు.

మా ఆయన బతికే ఉన్నాడని ఊరికి తెలిసింది. అయినా నా చేతులు చూస్తే ఆడవాళ్ళకు మనసు ఒప్పేది కాదు. గాజులు తీసుకుని, "ఇంటికాడ తొడుక్కుంటాలే అక్కా" అని పోయేవాళ్ళు. ఒకవిధంగా నాకు మంచిదే అయింది, పగలగొట్టే పని తప్పింది. కానీ అట్లా ఎన్నాళ్ళు? ఆ సమయంలోనే కుప్పం నుంచి ఫోను వచ్చింది.

కుప్పంలో ఒకామె ఉంది. ఒకప్పుడు వేరుశెనగ చేలల్లో కూలికి పోయేది. ఆమె పెళ్ళికి గాజులు తొడిగింది నేనే. కాయలు కాసిన బండ చేతులు, ఒక్క గాజు పగల్లేదు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఏ శుభకార్యమైనా నేను పోవాల్సిందే. ఆమె కూతురు ఇప్పుడు రోజూ రైలెక్కి బెంగుళూరులో ఆఫీసుకు పోతుంది. ఆ పిల్లకు ఏడో నెల, శ్రీమంతం. గర్భిణీకి రెండు చేతుల నిండా గాజులు తొడగాలి.

"అక్కా, తప్పుగా అనుకోవద్దు" అంది ఫోనులో. "అన్న బాగుండాడా?"

"బాగుండాడు. ఇస్తా, మాట్లాడు."

"ఫోన్లో ఎవురన్నా మాట్లాడొచ్చక్కా. మా వియ్యపురాలు అరవామె, పట్టింపులు జాస్తి. అన్నను కూడా పిల్చుకొని రాక్కా. కండ్లారా సూస్తే ఆమెకు నెమ్మదిగా ఉంటాది."

తప్పదనుకున్నాను. ఆ రోజు పట్టీలు విప్పి సంచిలో పెట్టి, వాచిన చేతులకే మళ్ళీ గాజులు ఎక్కించుకున్నాను. డాక్టరు వద్దన్నది కదా అని మా ఆయన అన్నాడు. "నువ్వు బతికుండావని చెప్పేదానికి నువ్వొక్కడివి చాలవు" అన్నాను. నిజానికి నా భయం అది కాదు. ఈ ఒక్క శ్రీమంతం ఒక్క గాజూ పగలకుండా గట్టెక్కితే నా చేతులు ఇంకా పనికొస్తాయని నాకు నేనే చెప్పుకోవచ్చు. పగిలితే, ఇంక ఎవరూ నన్ను పిలవరు.

కుప్పంలో మా ఆయనకు ముందు వరసలో కుర్చీ వేశారు. వచ్చిన ఆడవాళ్ళందరూ ఆయన్ను ఒకసారి చూసిపోయారు. వియ్యపురాలు అంతటితో ఆగలేదు. మంచినీళ్ళిచ్చి, తాగుతాడా లేదా అని నిలబడి చూసింది. తాగాడు. ఆమె తల ఊపింది.

పిల్ల పీట మీద కూర్చుంది. చెయ్యి పట్టుకున్నాను. నీరు పట్టి పొంగిన చెయ్యి అని కంటికి తెలుస్తోంది, నా వేళ్ళకు మాత్రం ఏమీ తెలియదు. గాజులు జారిపోకూడదని, కాన్పు దాకా చేతికి ఉండాలని వియ్యపురాలు చిన్న సైజే తొడగమంది. నేను పిల్ల మొహం చూసి నవ్వుతూ ఏదో మాట్లాడుతున్నాను. నాలుగు ఎక్కాయి. అయిదోది ఎక్కించేటప్పుడు టప్పుమని చిన్న చప్పుడైంది. నాకు నొక్కినట్టు తెలియలేదు, పగిలినట్టూ తెలియలేదు. వియ్యపురాలు కేక పెట్టాక కిందికి చూస్తే పిల్ల పట్టుచీర మీద రక్తం.

పెళ్ళిలో పీటల మీద మంటలు లేచినట్టు గోల మొదలైంది. ఇరవై ఎనిమిదేళ్ళుగా పగిలిన గాజుకు చెప్పే జవాబు ఒకటి నా నాలుక చివర తయారుగా ఉంటుంది. సరుకు బాగాలేదని అనేస్తే సరిపోతుంది. నోరు తెరిచాను కూడా. అంతలో ఆ పిల్ల, "ఆయమ్మనేమీ అనొద్దండి. నేనే చెయ్యి లాగేస్తిని" అంది.

ఆ పిల్ల చెయ్యి కదల్లేదు. లాగి ఉంటే భుజం కదిలేది, అంత మాత్రం మొహం చూస్తున్న నాకు కనపడేది. నన్ను కాపాడడానికి, కడుపుతో ఉన్న పిల్ల, అందరి ముందూ తప్పు తన మీద వేసుకుంది. నాకు నా మీద అసహ్యం వేసింది.

"పిల్ల లాగలేదు" అన్నాను. "నా చేతికి తెలీలేదు. ఏడాదిగా నా వేళ్ళకు ఏమీ తెలీదు. గాజు ఉండేదీ తెలీదు, చెయ్యి ఉండేదీ తెలీదు. పని పోతాదని దాచిపెట్టుకుంటిని."

పిల్ల నా వంక చూసి మెల్లిగా అంది. "నాకూ తెలీలేదత్తా. రెండు నెల్లుగా నా వేళ్ళు కూడా తిమ్మిరే. ల్యాప్‌టాప్ కొట్టి కొట్టి వచ్చిండాదంటారు. గాజు దిగిందో లేదో నాకూ తెలీలే."

అంటే పట్టుకున్న చేతికీ తెలియదు, చాపిన చేతికీ తెలియదు. మరి రక్తం ఎవరిది? ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఇద్దరికీ నొప్పి లేదు. పిల్ల తల్లి పళ్ళెంలో నీళ్ళు తెచ్చింది. నాలుగు చేతులూ అందులో ముంచి కడిగి, ఒక్కొక్క వేలూ ఎత్తి వెలుతురులో చూశారు. గాటు నా చూపుడువేలికి ఉంది. పిల్లకు ఒక్క గీతా పడలేదు. "ఇదిగో, దొరికె!" అని వియ్యపురాలు నా వేలిని పైకెత్తి అందరికీ చూపించింది.

అప్పుడొకామె మెల్లిగా, "నాకు పాలు పిండేటప్పుడు ఇట్లనే అయితాదక్కా" అంది. పట్టుపురుగుల గూళ్ళు ఉడికించి దారం తీసే ఆమె, తనకు మూడేళ్ళుగా ఉందంది. జాకెట్లు కుట్టే ఆమె, కత్తెర ఎప్పుడు జారిపోతుందో తెలియదంది. చివరికి వియ్యపురాలు కొంగులోంచి తన చెయ్యి తీసి, "నాకు కూడా మరత్తు పోచ్చమ్మా, దోసె తిప్పేదానికి కూడా కాలే" అని తన అరవ తెలుగులో చెప్పి కళ్ళు ఒత్తుకుంది. మరత్తు పోవడమంటే మొద్దుబారడమే. నేను వాళ్ళందరి చేత తిరగేసిన నమస్కారం పెట్టించాను. శ్రీమంతానికి వచ్చిన ఫోటోగ్రాఫరు అదేదో ఆచారమనుకుని నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీశాడు. ఆల్బంలో ఇప్పటికీ ఉన్నాయట.

చిన్న సైజు గాజులు తీయించేశాను. రెండు సైజులు పెద్దవి, వదులువి, ముత్తైదువలు తలా ఒకటి తొడిగారు. మొదటిది వియ్యపురాలే తొడిగింది. కడుపుతో ఉన్నప్పుడు ఒంటికి నీరు పట్టి ఇట్లా అవుతుందని, కాన్పు తరవాత మామూలుగా తగ్గుతుందని ఆ తరవాత ఆ పిల్లను చూసే డాక్టరు చెప్పి, పట్టీలు ఇచ్చిందట. కాన్పయిన నెలకు తగ్గిపోయిందని పిల్లే ఫోను చేసి చెప్పింది.

నాకు పట్టీలతో తగ్గలేదు. మదనపల్లెలో కుడిచేతికి ఆపరేషను చేశారు. ముందు చెయ్యి మొద్దుబారడానికి సూది వేస్తామన్నారు. మొద్దుబారిన చేతినే మళ్ళీ మొద్దుబార్చడమేమిటని బల్ల మీద పడుకుని నవ్వితే, భయంతో నవ్వుతున్నాననుకుని నర్సమ్మ నా తల నిమిరింది. భయం కూడా ఉంది, లేదనను.

కుట్లు తీశాక వేళ్ళను కదిలిస్తూ ఉండమన్నారు. స్పర్శ ఎంత వచ్చిందో నాకు తెలియాలంటే ఒక చెయ్యి కావాలి. అంగడికి వచ్చినవాళ్ళ చేతులు పట్టుకునే ధైర్యం లేదు. ఒక పొద్దున మా ఆయన్ను మంచం మీద కూర్చోబెట్టి, చెయ్యి చాపమన్నాను. నా అంగట్లో అన్నిటికంటే పెద్ద సైజు ఆకుపచ్చ గాజు తీసుకున్నాను.

"పిచ్చి పట్టిందా నీకు?" అన్నాడు కానీ చెయ్యి చాపాడు.

ఎన్ని వేల చేతులు పట్టుకున్నానో లెక్క లేదు. ఈ చేతిని ఎప్పుడూ ఇట్లా పట్టుకుని చూడలేదు. ఇంత కాపురం చేసినా ఆ పని పడలేదు. అరచెయ్యి గరుగ్గా ఉంది. గరుగ్గా ఉన్నట్టు నాకు తెలిసింది. ఊపిరి బిగబట్టి బొటనవేలి మొదటికి జరిగాను. అక్కడ ఎముక మీద చింతగింజంత బొడిపె తగిలింది.

"ఇదేంది?"

"అదా? శానా ఏండ్ల కింద గేరు రాడ్డు తగిలి ఎముక చిట్లె. అదే అతుక్కునింది."

"నాకు చెప్పలేదే?"

"అప్పుడు నువ్వు కడుపుతో ఉండావు. బయపడతావని చెప్పలే. తరవాత మర్సిపోతి."

ఆ చేత్తోనే ఆయన మా పెద్దదాన్ని ఎత్తుకుని తిరిగాడు. ఆ చేత్తోనే బస్సు నడిపాడు. నేను ఆయన పక్కన పడుకుని ఊరివాళ్ళ ఎముకలన్నీ గుర్తుపెట్టుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆయనకు ఏం చెయ్యాలో తోచక, "నొప్పి లేదులే ఇప్పుడు" అన్నాడు.

గాజు బొడిపె దగ్గర ఆగింది. కొంచెం పక్కకు వంచి నొక్కాను. పగలకుండా దిగింది. అంతలో వాకిట్లో ఎవరో నన్ను పిలిచారు. ఆయన చెయ్యి లాక్కోబోయాడు.

"తియ్యి తియ్యి, ఎవురో వస్తాండారు."

"రానీ" అన్నాను. గట్టిగా పట్టుకునే ఉన్నాను. ఎంత గట్టిగా పట్టుకున్నానో నాకు తెలుస్తోంది.